మా టైరు, మీ ఇంజను

అలా చూస్తూ కూర్చుంటే ఎలాగండీ బసవేశ్వరరావుగారూ? డిక్కీ తాళం ఇవ్వండి. జాకీ మీ కారులో ఉంది, నొప్పులు పడుతున్న మా అక్క నేను తోలే సంఘం కారులో ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందని నర్సమ్మ చెప్పింది. తెనాలి ఆస్పత్రికి చేరాలి.

ఏంటి? ముందు క్షమాపణ చెప్పాలా? ఇప్పుడా? ఈ జంపని రోడ్డు మీదా?

అవునండి, మన నగరం ఊళ్ళో మీ గోడ మీద తారుతో రాసింది నేనే. 'దోపిడీ చక్రాలు ఊడదీస్తాం' అని. తుడవను. గోడ తుడిస్తే చరిత్ర పోతుందా? ఈ ఎజ్రా వ్యక్తుల్ని ద్వేషించడండీ, వ్యవస్థని...

విన్నారా? మా అమ్మ అరుస్తోంది, "ఒరే, మీటింగు తర్వాత పెట్టుకోరా!" అని.

నా ఇంజనా? పట్టేసింది. పొగ మీరూ చూశారుగా. నగరం పొలిమేరలో మీ మనుషులు రోడ్డంతా మినపకట్టె పరిచారు, వచ్చేపోయే బళ్ళు ఊరికే నూర్చి పెడతాయని. ఆ పొట్టంతా వచ్చి రేడియేటర్‌కి కరుచుకుంది. మీ మినుములు నూర్చిపెట్టి మరీ చచ్చింది నా కారు! శ్రమదోపిడీ అంటే ఇదేనండీ.

మీ ఇంజను భేషుగ్గా ఉంది. ముందువైపు టైరే పేలింది. స్టెప్నీలో గాలి లేదు, ట్యూబు పట్టుకుని వేమూరు వెళ్ళిన మీ డ్రైవరు ఇంతవరకూ అయిపు లేడు. రెండూ అంబాసిడర్లే కదా. నా చక్రం మీ కారుకి సరిపోతుంది. బోల్టులు కులం అడగవు.

ఆమె ఎవరో తెలుసా? కొండమ్మ. మొన్న సార్వాకి మీ చేలో నాట్లు వేసిన మనిషే. అక్కా, అయ్యగారూ అని దణ్ణం పెట్టకే! ఆయన ఉపకారం చెయ్యట్లేదు, ఇది నీ హక్కు...

ఆ. తాళం. సరే.

ఆ రాళ్ళు ఇటు తొయ్యండి. నా కారు వాటి మీద నిలబడుతుంది. ఈ బోల్టు తిరగదేం? మీరూ పట్టుకోండి. మీ పంచెకి మసి అంటితే అంటింది.

ఉత్తరీయం సీటు మీద పరిచారేంటి, సీటు పాడవుతుందనా?

ఓ... గుడ్డ ఆమె కిందకా.

రా అక్కా. మెల్లిగా. అమ్మా, తల నీ ఒళ్ళో పెట్టుకో.

ఇక తోలండి. ఏంటి, రాదా? ఇన్నేళ్ళుగా కారుండి తోలడం రాదా మీకు? జరగండి. నేను తోలతాను. భూస్వామికి డ్రైవర్ని! బాగుంది.

చూశారా, రోడ్డుని ఎలా పట్టుకుందో! కొత్త టైరండీ. లోతు గళ్ళవి నేనే ఏరి ఏరి తెచ్చాను. పాతవి ఇంకో వేసవి లాగుతాయి, ముందు ఆ రేడియేటర్ సంగతి చూడమని తెనాలి మెకానిక్కు చెప్పాడు. మా అక్కా చెప్పింది, "బండి సలసలా మరుగుతోందిరా తమ్ముడూ" అని. నేను ఆమెకి విప్లవం గురించి ఉపన్యాసం ఇచ్చాను.

బాపట్ల మహాసభకి ఊరేగింపు ఉందండి. ముందు నడిచేది మా సంఘం కారే. టైర్లయితే అందరికీ కనపడతాయి. రేడియేటర్ ఎవరు చూస్తారు?

క్షమాపణ అడిగారుగా. చెబుతాను. మీకు కాదు. వెనక సీట్లో ఉన్నామెకి. ఆమె ఇప్పుడు వినే స్థితిలో లేదు.

వచ్చేశాం అక్కా, ఇంకొంచెం ఓర్చుకో. ఛ, ఈ రైలు గేటు దగ్గర రిక్షాలన్నీ అడ్డమే! ఆ టీకొట్టు ముందున్నది మా సంఘం వాళ్ళే. చూశారు. మీ పక్కన కూర్చుని మీ కారు తోలుతున్న నన్ను చూశారు. చూడనివ్వండి.

కిటికీలోంచి తల బయటపెట్టి మీరు అరవండి బసవేశ్వరరావుగారూ, తప్పుకోండని. మీరంటే దారిస్తారు.

నేను అరిస్తే నినాదం అనుకుంటారు.