ఖాళీ డబ్బా చేతికెట్ల ఇస్తం?

వేదిక మీదున్న సంఘం అధ్యక్షురాలు లతమ్మకు, ముందు వరుసలోని పెద్దలకు, వెనుక గోడకు ఆనుకొని నిలబడ్డ తండా అక్కచెల్లెళ్ళకు నమస్కారం. మైకు ముందు నాకు మాట రాదు, రోజూ పుస్తకంలో రాసుకున్నట్టే మొదలుపెడతాను. జూలై ఆరు, ఆదివారం. పొద్దటి నుంచి ముసురు. వెల్డింగ్ మిషను తుడిచి మూలకు పెట్టాను. ఇంతకంటే పొడుగ్గా నేనెప్పుడూ రాయలేదు. (నవ్వులు)

దంతాలపల్లిలో మన సంఘం కూరల దుకాణం పెట్టినప్పుడు, వేడి పప్పుచారు పల్చటి కవర్లో పోసి ముడేస్తే ఇంటికి చేరేసరికి ప్లాస్టిక్ వాసన కొడుతుందని, ఆ కవరేమో మోరీలో పడుతుందని, లతమ్మ నన్ను పిలిచి స్టీలు డబ్బాలు చేయమన్నది. మొదటి డబ్బా మూత బిగుసుకుపోతే పాపయ్యన్న మోకాళ్ళ మధ్య పెట్టుకొని లాగాడు, చారంతా ధోతి మీద పడింది. అన్నా, లేవకు, మరక పోయిందని అందరికీ తెలుసు. (నవ్వులు) తర్వాత మూత అంచు వంచాను, చేయి లోపలికి పోయి తోముకునేటట్టు మూతి వెడల్పు చేశాను.

అంతా కుదిరిందనుకున్నాక డబ్బాలు తిరిగి రావడం ఆగింది. ఎక్కువగా తండాకు పోయినవే. "డబ్బా తేనివాళ్ళకు కూర లేదు" అని దుకాణానికి బోర్డు కట్టారు. చదివిన ప్రతివాళ్ళూ తండావాళ్ళ దిక్కే చూశారు. రేపటి నుంచి మళ్ళీ కవర్లేనని నిన్నటి మీటింగులో ఖాయం చేశారు, ఆ కట్టలు ఈ స్టేజీ వెనకే దిగి ఉన్నాయి. నేను రేపు జనగామ పనికి పోతున్నాను కాబట్టి డబ్బాలనూ నన్నూ ఒకే శాలువాతో సాగనంపుతున్నారు. కోపం లేదంటే అబద్ధమవుతుంది.

నిన్న సాయంత్రం తండాలో రుక్కక్క ఇంటికి పోయాను. డబ్బాలన్నీ తళతళా తోమి గూట్లో బోర్లించి ఉన్నాయి. "మరి తేలేదేందక్కా?" అంటే నన్నే తిట్టింది.

"మీ ఇంట్ల పక్కింటోళ్ళ గిన్నె ఖాళీగ ఇస్తరా? పెసర్లు చేతికొచ్చినంక జర్రంత ఏసిద్దామనుకున్న. గంతల్నే దొంగనైతినా?"

నిజమే. మా అమ్మ నాలుగు మిరపకాయలైనా వేయకుండా ఎవరి గిన్నెనూ తిరిగి ఇవ్వలేదు. కవర్లో పోస్తే బజారు కూర. స్టీలు డబ్బాలో పోసేసరికి అది ఒకరింటి గిన్నె అయింది. మూత గురించి ఆలోచించాం, అంచు గురించి ఆలోచించాం, ఖాళీది ఇవ్వడానికి వెనకాడే చేయి మాత్రం మనకు గుర్తు రాలేదు.

అందుకే ఈ డబ్బా చూడండి. పొద్దున దీనికి కొక్కెం అతికించాను. తోమి వాకిట్లో మేకుకు తగిలిస్తే ఆటో హరీశ్ వచ్చి తీసుకుపోతాడు. ఖాళీ గిన్నె చేత్తో ఇచ్చినవాళ్ళూ లేరు, పుచ్చుకున్నవాళ్ళూ లేరు. రుక్కక్క చూసి, "గిట్లయితే మాకేం తప్పు లేదు" అన్నది.

లతమ్మా, ఆ శాలువా జర ఆపు. నీకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. కవర్లా డబ్బాలా అన్నది సంఘం ఇష్టం. ఆ బోర్డు ఉండగా మాత్రం నేను శాలువా కప్పుకోలేను.

(వేదిక మీద నుంచి లతమ్మ: "హరీశూ, పోయి ఆ బోర్డు ఇప్పుకరా. కవర్ల కట్టలు ఎవ్వరు ఇప్పకుండ్రి. రుక్కి వాళ్ళు సుత కూసున్నంకనే మాట్లాడుదం.")

సంతోషం. హరీశ్ వచ్చేదాకా, రుక్కక్కా, మీరందరూ వెనుక నిలబడకండి, ముందర కుర్చీలున్నాయి, వచ్చి కూర్చోండి. ఇంతసేపు విన్న మీ అందరికీ దండాలు. సెలవు.