తాళం ఒకరిది

"ఉద్యోగం గానీ ఊడిందా ఏమిటే? కంచంలో కెలకడమే గానీ ముద్ద ఎత్తట్లేదు."

"ఊడలేదమ్మా. ఊడినా బాగుండేది."

తల్లి చేతిలోని గరిటె పక్కన పెట్టేసింది. "సరిగ్గా చెప్పి ఏడువు."

"మేం తయారుచేసిన ఫైళ్లను, వాటిని వాడేవాళ్లు తీసుకునే వేరే రిపాజిటరీకి పంపాలి. అదో కంప్యూటర్ గోదాం లాంటిది. రోజూ చేత్తో పంపేవాళ్లం. వాటంతటవే వెళ్లేలా నేను చేశాను."

"మంచిదేగా?"

"ఆ గోదాం తాళం నాకు లేదు. పక్క సీటు అక్క తన పాస్‌వర్డ్ ఇచ్చింది, సరిగ్గా వెళ్తున్నాయో లేదో ఒక్కసారి చూసుకోవడానికని. నేను ఆ ఏర్పాటులో అదే ఉంచేశాను. నిన్న పాడైన ఫైళ్లు వెళ్లిపోయి, వాడేవాళ్లందరి పనీ ఆగిపోయింది. పంపింది ఎవరని చూస్తే అక్క పేరుంది."

"ఆవిడేమంది?"

"అందరి ముందూ తిట్లు తింది. తలొంచుకుంది."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"పక్క కుర్చీలోనే."

"పోనీలే, గండం గడిచింది" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చినందుకు తల్లికి తన మీద తనకే సిగ్గేసింది.

"ఆవిడకి ఫోన్ చెయ్యి."

"ఏ మొహం పెట్టుకుని చెయ్యనమ్మా?"

"ఉన్న మొహంతోనే. నేను పక్కనే కూర్చుంటాను."

కూతురు స్పీకరు పెట్టి, తడబడుతూనే అంతా చెప్పింది. తల్లి ఫోను వైపు వంగింది. అవతల అక్క గొంతు పలికింది.

"ఆ పాస్‌వర్డ్ నీకొక్కదానికే ఇచ్చానమ్మాయ్. పంపింది నేనేనన్న మాట నిన్న అక్కడే నువ్వంటావని ఎదురుచూశాను."