అచ్చిబాబు మాస్టారి మూగపాఠం

తొంభై ఆరా! నూటికి తొంభై ఆరా మేడం గారూ? ఇది అన్యాయమండీ. తగ్గించాలి. అవునండీ, పెంచమని కాదు, తగ్గించమనే వచ్చాను. అలా చూడకండి. ఈ కొవ్వూరు స్టడీ సెంటర్ పుట్టాక మార్కులు తగ్గించమని వచ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. ఏ పనిలోనైనా మొదటివాణ్ణి కావడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే లెండి.

కూర్చోమంటారా? వద్దండీ, నిలబడే చెప్తాను. కూర్చుంటే నా గొంతు పూర్తిగా రాదు.

అసలు నా గొంతు సంగతి మీకు తెలియదు. రావులపాలెంలో ఎవర్నైనా అడగండి, అచ్చిబాబు మాస్టారి గొంతేంటో చెప్తారు. నేను ఐదో తరగతిలో ల.సా.గు. చెప్తుంటే, పక్క వీధిలో అరటి గెలలెత్తే కూలీలు కూడా ల.సా.గు. నేర్చేసుకున్నారండీ! ఒకసారి వరదల్లో ఇదే కొవ్వూరు రేవులో నిలబడి మా బావమరిదిని పేరు పెట్టి పిలిస్తే, అవతల రాజమండ్రిలో ముగ్గురు "ఏవండీ" అని పలికారు. నవ్వుతారేంటండీ? సరే, ఇద్దరు.

మరి అంత గొంతున్నవాడికి ఈ వయసులో ఈ చదువెందుకంటారా? అదే కదండీ నా ఖర్మ. తల నెరిసేదాకా ఒక్క బీయస్సీతోనే బండి లాగించాను. శిక్షణ లేదు. పుట్టుకతో వచ్చిన విద్యకి శిక్షణేంటని నా ధీమా. తీరా మా కరస్పాండెంట్ శ్రీనివాసరాజు గారు ఓ రోజు గదిలోకి పిలిచారు. "మాస్టారూ, వచ్చే జూన్ నుంచి సర్టిఫికెట్ లేనివాళ్ళు క్లాసులోకి వెళ్ళడానికి వీల్లేదండి. ఉద్యోగం చేసుకుంటూనే ఆదివారాలు చదువుకునే కోర్సుందట, చేరండి. రాకపోతే పోయింది, మిమ్మల్ని వదులుకుంటామా? బస్సుల ఇన్‌ఛార్జిగా వేసుకుంటాం" అన్నారు.

బస్సులు! పొద్దున్న ఎక్కించడం, సాయంత్రం దించడం. నేనేమో వెనక తలుపు దగ్గర. పిల్లలందరి వీపులూ నా వైపు. ఆ వీపుల్ని చూస్తూ బతకాలట నేను! ఓ పూట అన్నం లేకపోయినా ఉంటానండీ. ఎదురుగా పదిమంది కూర్చుని నా మాట వినకపోతే మటుకు ఉండలేను.

అందుకే చేరాను. ట్రైనింగ్ కాలేజీకెళ్ళి చదివినవాళ్ళకి ముందు శిక్షణ, తర్వాత పిల్లలు. మా దారిన వచ్చినవాళ్ళకి ముందు పిల్లలు, తర్వాత శిక్షణ. ఏళ్ళ తరబడి గోదాట్లో ఈదుతున్నవాణ్ణి గట్టు మీద బోర్లా పడుకోబెట్టి చేతులెలా ఆడించాలో నేర్పుతున్నారని మీ మీద జోకులేసేవాణ్ణి. మునిగిపోతూ చేతులాడించినా ఒడ్డు మీదవాళ్ళకి ఈతలాగే కనిపిస్తుందని తట్టలేదు.

మొదటి ఆదివారమే మైక్రో టీచింగ్ అన్నారు. తోటి మాస్టార్లే పిల్లల్లా కూర్చుంటారు, ఐదు నిమిషాల్లో పాఠం అవ్వాలి. ఐదు నిమిషాల్లో నా నమస్కారం కూడా పూర్తికాదండీ! మీరు గంట కొట్టారు. నేనాగలేదు. మళ్ళీ కొట్టారు. మా "పిల్లలు" లేచెళ్ళి టీ తాగొచ్చారు. అప్పటికి నేను బోర్డు మీద పాఠం పేరు రాస్తున్నాను. "మాస్టారూ, ప్రశ్నా మీరే వేసి జవాబూ మీరే చెప్పేస్తున్నారండీ" అన్నారు మీరు. మరేంటండీ? జవాబు నాకు తెలిసినప్పుడు ఇంకొకళ్ళని కష్టపెట్టడమెందుకు?

ఇక చివరి పాఠం. మీరు మా స్కూలుకే వచ్చి చూస్తారన్నారు. వేటికి ఎన్ని మార్కులో ముందే చెప్పారు. అందులో "టీచర్ టాక్" అనొకటి ఉంది, పది మార్కులు. అది ఎంత తక్కువుంటే అంత ఎక్కువ మార్కులని మీరు వివరంగా చెప్పారట. నేనెక్కడ విన్నాను? ఆ టైములో పక్కాయనకి నా వరదల కథ చెప్తున్నాను. "ఓహో, మాట్లాడితే పది మార్కులా! ఇరవై మార్కుల మాటలు మాట్లాడేస్తాను, కాసుకోండి" అనుకున్నాను.

ముందురోజు మా తమ్ముడు సత్యప్రసాద్ అరటితోటలోకెళ్ళి రిహార్సలు మొదలెట్టాను. భిన్నాల పాఠం. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? మధ్యాహ్నం అందుకున్నవాణ్ణి పొద్దుగూకేదాకా వదల్లేదు. నాటకాల్లో పద్యం లాగినట్టు లాగాను. అరటాకులు చీలికలైపోయాయండీ! గాలికే అనుకోండి. కానీ అప్పటిదాకా గాలి లేదు. సత్యప్రసాద్ పరిగెత్తుకొచ్చి, "అన్నయ్యా, ఈ గెలలు కోతకి రావడానికి ఇంకో వారం టైముంది. నీ అరుపులకి ఇప్పుడే రాలిపోయేలా ఉన్నాయి, ఇంటికి పద" అన్నాడు.

తెల్లారి లేచి కాఫీ అడుగుదామని నోరు తెరిస్తే ఏదీ మాట? గాలి! పంక్చరైన సైకిల్ ట్యూబులోంచి వచ్చినట్టు ఉత్త గాలి. మా ఆవిడ రామలక్ష్మి నా మొహంలోకి చూసింది. మిరియాల పాలు తెచ్చిచ్చింది. నింపాదిగా ఎదురుగా కూర్చుని, పెళ్ళైన దగ్గర్నుంచీ నాతో చెప్పాలనుకున్నవన్నీ వరసపెట్టి చెప్పేసింది. ఒక్కదానికీ అడ్డురాలేకపోయాను.

అదండీ, ఆ గొంతుతోనే ఆవేళ క్లాసులో మీ ముందు నిలబడ్డాను. సెలవు పెడితే మళ్ళీ పరీక్ష వచ్చే ఏడు. అప్పటికి నేను బస్సులో ఉంటాను. ఇప్పుడు వినండి, మీరు రాసుకున్నవాటి వెనక అసలేం జరిగిందో.

ప్రశ్న బోర్డు మీద రాసి ఊరుకున్నాను. "ఆలోచించుటకు సమయమిచ్చెను" అని రాశారు మీరు. నేనేం ఇవ్వలేదండీ, నా దగ్గర వేరే ఏం లేదు! జవాబు కూడా నేనే చెప్పేస్తానని పిల్లలు చేతులు కట్టుకుని నా వైపు చూస్తున్నారు. నేను వాళ్ళ వైపు చూస్తున్నాను. మీరు మా అందరి వైపూ చూస్తున్నారు. ఫ్యాను చప్పుడు వినపడింది. మా క్లాసులో ఫ్యాను చప్పుడు చేస్తుందని నాకు ఆవేళే తెలిసింది.

ఆఖరికి విజయ్ పాల్ అనే కుర్రాడు లేచి, "నాలుగో వంతే పెద్దదండీ. మూడు కన్నా నాలుగు పెద్దది కదండీ" అన్నాడు.

ముందు వారమే ఆ ముక్క వాళ్ళకి బుర్రకథలా చెప్పాను. "అర్థమైందా?" అంటే కప్పు లేచిపోయేలా "అయ్యిందండీ" అన్నారు. వీడైతే అందరికన్నా గట్టిగా అన్నాడు! "ఆపరా" అనబోయి మాట రాక చెయ్యెత్తితే, మీరు "ప్రోత్సాహకరమైన సంజ్ఞ" అని రాశారు.

అప్పుడే వెనక బెంచీలోంచి వీరవేణి లేచింది. "ఒరే, ఒక పూతరేకు ముగ్గురం పంచుకుంటే ఎక్కువొస్తుందా, నలుగురమా?"

"పూతరేకు ముక్కలు చేస్తే పొడే మిగుల్తుంది."

"పొడి సంగతెందుకురా మొద్దూ, పంపకం సంగతి చూడు!"

"నాలుగోవాడెవడు?"

"నువ్వే."

"నాకొద్దు. నిన్ననే తిన్నాను. మీ ముగ్గురే తినండి."

"ఇప్పుడు నువ్వు తప్పుకున్నావు కదా, మా ముక్క పెద్దదయ్యిందా, చిన్నదయ్యిందా?"

వాడు వేళ్ళు చూసుకున్నాడు. బోర్డు చూశాడు. "హమ్మా, మూడో వంతే పెద్దదా!" అన్నాడు. ఆ మొహం మీరు చూశారు కదండీ? అలాంటి మొహం నా పాఠంలో నేనెప్పుడూ చూళ్ళేదు.

కాళ్ళాడక వెనకున్న ఖాళీ బెంచీ మీద కూలబడి, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు తాగాను. "ఉపాధ్యాయుడు విద్యార్థులలో ఒకడై కూర్చొనెను" అని రాశారు. కూర్చోలేదండీ! కూలబడ్డాను!

ఇదీ సంగతి. ఇప్పుడేమో వచ్చే ఆదివారం ఆ పాఠాన్నే ఇక్కడ అందరి ముందూ మోడల్ పాఠంగా చెయ్యమంటున్నారు. ఎలా చెయ్యను? మళ్ళీ తోటకెళ్ళి అరిచి రానా? అంచేత ఆ తొంభై ఆరు కొట్టేసి, నా అసలు గొంతుతో ఒక్కటంటే ఒక్క పాఠం విని, అప్పుడు...

ఆఁ? ఇప్పుడే కొట్టేస్తారా?

ఆగండాగండి! ముందా పెన్ను మూత పెట్టండి. మాటవరసకన్నానండీ! నా గొంతుతో చెప్తే ఎన్నొస్తాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇంకోటి కూడా చెప్పెయ్యనా? గొంతు గురువారం వచ్చేసిందండీ. రాగానే క్లాసులోకి పులిలా దూకాను. దశాంశాలు. రాజుల్ని దింపాను, ఏనుగుల్ని తోలాను, ఒక చుక్క కోసం రెండు రాజ్యాల మధ్య యుద్ధం పెట్టించాను. పిల్లలు కుదురుగా చేతులు కట్టుకుని విన్నారు. బెల్లు కొట్టాక వీరవేణి చెయ్యెత్తింది. నాకు ఛాతీ పొంగిపోయింది. "అడుగమ్మా" అన్నాను.

"మాస్టారండీ, మీకు మళ్ళీ గొంతెప్పుడు పోతుందండీ?"

వెటకారం కాదండీ. వెటకారమైతే నేను పట్టేస్తాను, ఆ విద్యలో నాకు ఎదురులేదు. నిజంగానే అడిగింది. వేసవి సెలవులెప్పుడిస్తారండీ అని అడిగినట్టు, ఆశగా. మిగతావాళ్ళందరూ జవాబు కోసం నా వైపే చూస్తున్నారు. "వెళ్ళండి, వెళ్ళండి, టైమైపోయింది" అన్నాను.

సరే లెండి. ఆ మార్కులు ఉండనివ్వండి. సంపాదించింది వాళ్ళే, కాకపోతే ఐదో తరగతి పిల్లల పేర సర్టిఫికెట్ ఇవ్వరు కదా. ఆదివారం వస్తాను. ప్రశ్న రాసి, సుద్దముక్క పక్కన పెట్టి, మునిలా నిలబడతాను. చూసినవాళ్ళు "ఆహా, ఏం శిక్షణండీ!" అనుకుంటారు. అనుకోనివ్వండి, లోపల నాకెంత దురదగా ఉంటుందో వాళ్ళకేం తెలుసు?

మాట్లాడ్డానికి మనుషులు దొరుకుతారనే మాస్టారినయ్యానండీ. ఇప్పుడు మాట్లాడితే మాస్టారిగా ఉండనివ్వరట. ఏం చేస్తాం?

పెట్టండి సంతకం. నేనేమీ అనను.