ముందు మెట్టు లైటు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు మలుపు తిరిగే చోట ఒక చాయ్ హోటల్. మధ్యాహ్నం మూడు గంటలు. ఇరవై రెండేళ్లు స్టీరింగ్ పట్టి, నాలుగు రోజులుగా ఊరకే కూర్చున్న డ్రైవర్ ఆనంద్ కుమార్ బల్లకు ఒకవైపు. అతను నడిపే వెన్నెల కంపెనీ బస్సుల్లో రంగులూ లైట్లూ మార్చిన డిజైనర్ సుష్మిత ఇంకోవైపు. ఆమె చాయ్ ముట్టలేదు, అతను ఆమెను వదల్లేదు.

"మళ్ల అదే అడుగుతున్నవన్నా."

"జవాబు రాలే గనక మళ్ల అడుగుతున్న మేడం. పొద్దుగూకంగనే నేను బస్సు లోపల ముందు లైటు బంద్ చేస్తనని మీకు ఎరుకేనా, కాదా?"

"అన్ని బస్సుల్ల చేస్తరా అనేది నాకు..."

"అన్ని బస్సులెందుకు? నా బస్సు చెప్పుండ్రి. మూడు రోజులు నా పక్కన బానెట్ మీద కూసున్నరు. ఎల్బీనగర్ కాడికెళ్లి ఈడిదాక, మళ్ల ఈడికెళ్లి ఆడిదాక."

"కూసున్న. కాదంటలే."

"చీకటి పడంగనే నేనేం చేసిన?"

"స్విచ్ ఆపినవు."

"ఎందుకని అడిగిండ్రా?"

"అడిగిన. లోపల లైటుంటే ముందు అద్దం మీద నీ మొఖమే కనపడ్తది, రోడ్డు కనపడదు అన్నవు."

"నేనొక్కన్నే చేస్తున్ననా? చీకటైతే చానామంది డ్రైవర్లు చేసే పనే గది. ఆపకపోతే చైతన్యపురి కాడ రోడ్డు దాటే హాస్టల్ పోరగాళ్లు నాకు అగుపడరు."

"నిన్ను నేను తప్పు పడ్తలేనన్నా."

"కంపెనీ పడ్తుంది గద. డ్రైవర్ లైటు ఆపిండు, ప్యాసింజర్ రాములమ్మ దిగుకుంట ముందు మెట్టు మీదికెళ్లి పడ్డది, తుంటి బొక్క ఇరిగింది. నోటీసుల గిట్లనే రాసిండ్రు. రేపు పదింటికి ఎంక్వైరీ."

"తెలుసు. అందుకే వచ్చిన."

"మెట్టు లైటుకు, పైన లైటుకు ఒక్కటే స్విచ్ ఎందుకు వెట్టిండ్రు మేడం?"

"డిజైన్ల అట్ల..."

"మెట్టుకు వేరే పెట్టుండ్రి అని నేను చెప్పలేదా?"

"చెప్పినవు."

"ఆడోళ్లంత ముందు డోరుకెళ్లే ఎక్కుతరు, దిగుతరు. నేను ఆపితే వాళ్లకే చీకటైతది అని చెప్పలేదా?"

"చెప్పినవు. రాసుకున్న కూడ."

"రాసుకున్నది ఏడ వోయింది?"

"ఒక్క డ్రైవర్ మాట పట్టుకొని వైరింగంత మార్చుడెందుకని కొట్టేసిండ్రు."

"ఎవరు?"

"పైన."

"పైన అంటే? మీ సారా?"

"చాయ్ చల్లారిందన్నా, ఇంకోటి చెప్తా..."

"ఎవరు కొట్టేసిండ్రు?"

"నేనే. నేనే కొట్టేసిన. ఓపెనింగ్ తారీఖు మీదికొచ్చింది. వైర్లు మళ్ల గుంజాల్నంటే నెల పడ్తది. లావెండర్ రంగు, మెత్తటి లైటు చూసి అందరు బాగుందనవట్టె. ఇగ ఎవరికేమైతదిలే అనుకున్న."

"బాగుందని నేను కూడ అన్న, అబద్ధమెందుకు. దినమంత హారన్లు విని ఎక్కినోళ్లు ఆ రంగు చూసి జర నిమ్మళంగ కూసునేటోళ్లు. రాములమ్మ అయితే చర్చిల కూసున్నట్టుంది తమ్ముడా అనేది."

"హాస్టల్ల వంట చేస్తది కద. నా సర్వేల కూడ ఉండె."

"ఇప్పుడు చేస్తలేదు. నిన్న దవాఖానకు పోయిన. పోతే ఆమె..."

"ఆమె సంగతి తర్వాతన్నా. వింటే నాకు సిగ్గైతది. ముందు నీ సంగతి చెప్పు. నౌకరి పోతదా?"

"లైటు నేనే ఆపిన్నని తేలితే పోతది. ఈ వయసుల ఇంకెవడు బండి ఇస్తడు?"

"పోదు. రేపు నేనొస్త."

"వచ్చి?"

"డ్రైవర్ లైటు ఆపుతడని నాకు ముందే తెలుసు, వేరే స్విచ్ అడిగిండు, నేనే పెట్టలే. ఉన్నదున్నట్టు చెప్త."

"మీ సార్ ముందట?"

"ముందట్నే."

"ఇంక రెండు వందల బస్సుల పని మీకే ఇస్తున్నరట గద. పోతది."

"పోనీ. నా వల్ల నీ నౌకరి పోతే నాకు బువ్వ దిగదన్నా."

"మాట తప్పరు గద?"

"మా అయ్య మీద ఒట్టు."

"అయితే ఇనుండ్రి బిడ్డా. ఇందాక చెప్పవోతే ఆపిండ్రు. కంపెనీవాళ్లు దవాఖానకు పోయి రాములమ్మతోని కాయితం రాయించుకున్నరు. లైటు వెలుగుతుండె అని చెప్పిందట."

"వెలుగుతుండెనా?"

"ఏడ వెలిగింది. ఆమెకు ఎరుకే. అయినా మా డ్రైవర్ తమ్ముడు ఏనాడు లైటు ఆపడు, మెట్టు మంచిగనే కనపడ్డది, నేనే చూసుకోలే అని వేలిముద్ర ఏసింది. పిల్లలు గలోన్నని నా మీద జాలి."

"అంటే నీ నౌకరి..."

"ఉంటది. రేపు నన్ను గూడ అదే మాట మీద సంతకం వెట్టి బండి ఎక్కుమన్నరు."

"మీద నుంచి బరువు దిగినట్టున్నదన్నా. మరి ఎంక్వైరీ?"

"ప్యాసింజర్ తప్పు అని రాసి మూసేస్తరు. అప్పుడు ఆపరేషన్ కంపెనీ చేయించదు. ఆమె ఇగ మంచం దిగదు. రాత్రి నా భార్య రూబీకి చెప్పిన. ఆ ముసలామె కాళ్లు తీసుకొని మనం బువ్వ తినద్దు, పోయి నిజం చెప్పు అన్నది. చెప్త. కానీ నేనొక్కన్నే చెప్తే నమ్మరు. ఆమె మీద ప్రేమతోని, పావురంతోని అబద్ధమాడుతున్నడంటరు. మీరుంటే కాదనలేరు. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను తీసుకుంట, మీ పిడికెడు మీరు తీసుకోండ్రి. పదింటికి ఆఫీసు కాడ ఉంట. ఏమాయె, అట్ల చూస్తున్నరు?"

"ఏం లేదు."

"వస్తున్నరు గద?"

"అది కాదన్నా. అంత పెద్దమనసుతోని ఆమె ఒక మాట చెప్పింది. మనిద్దరం పోయి ఆమెను అబద్ధాలకోరును చేసుడు ఏం బాగుంటది, చెప్పు."