రేడియేటర్లో పోసిన కషాయం

ఆ సాయంత్రం టీ కొట్టులో కూర్చున్నది ముగ్గురమో నలుగురమో నాకు గట్టిగా గుర్తు లేదు. జ్ఞాపకానికి కూడా కోతలు కోసే అలవాటుందేమోనని ఈ వయసులో నా అనుమానం. దర్జీ మాత్రం ఉన్నాడు. వాళ్ళమ్మకు గుండె జబ్బు. మర్నాటి నుంచి ఆవిడ చేత మాత్రలు మాన్పించి, రిటైరైన బస్సు డ్రైవరు ఇచ్చిన పువ్వుల కషాయం పట్టించాలని అతని ఆలోచన. పొట్లం అప్పటికే అతని ఒళ్ళో ఉంది.

"మొదట నా మోకాలికే వాడానయ్యా," అన్నాడు డ్రైవరు, "డిపో గోడ పక్కన ఊరికే పూసే పువ్వు, ఎవరూ కన్నెత్తి చూడరు, నీడన ఆరబెట్టి మరిగించి తాగాను, తెల్లారేసరికి నొప్పి లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా కండక్టరు ఆయాసం మనిషి, ఒక్క గుక్క తాగి ఈల ఊదాడు, ముందు పోతున్న మూడు బస్సులు ఆగిపోయాయి."

"మూడేనా బాబాయ్?" అంది టీ కొట్టావిడ.

"నాలుగోది వేరే రూటుదమ్మా, దాన్ని కలపకూడదు. ఇక కొండ దారిలో ఇంజను రొప్పుతుంటే మిగిలిన కషాయం రేడియేటర్లో పోశాను. బస్సు ఎక్కడమేమిటి, పాత సొట్టలు కూడా టకటకా సర్దుకున్నాయి. దిగి చూస్తే డీజిలు ట్యాంకు నిండుగా ఉంది. మేనేజరుకు చెప్పలేదనుకో."

"ఏం?"

"చెబితే మెకానిక్కుల ఉద్యోగాలు ఉంటాయా?"

మేం నవ్వాం. దర్జీ నవ్వలేదు. "మరి గుండెకు?" అన్నాడు.

"గుండె ఎంతయ్యా, పిడికెడు. బస్సే బాగుపడితే."

టీ కొట్టావిడ దర్జీ ఒళ్ళోంచి పొట్లం అందుకుని, కాసిని పూలు తీసుకుని మిగతాది బల్ల మీద పెట్టింది. ఆ పూలు మరిగించి, గ్లాసు తెచ్చి డ్రైవరు ముందు పెట్టింది. "ముందు మీరు పుచ్చుకోండి బాబాయ్."

ఆయన గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. "ఇప్పుడొద్దులే. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నాను. దాని మీద ఆకులూ పువ్వులూ తాగొద్దన్నాడు డాక్టరు."

"మాత్ర మీరు మానరు. వాళ్ళమ్మ మానాలా?" అని ఆవిడ గ్లాసు కాలవలో పారబోసింది.

దర్జీ పొట్లం బల్ల మీదే వదిలేసి మందుల షాపు వైపు నడిచాడు. మేం లేచేసరికి బల్ల మీద పొట్లం లేదు. డ్రైవరు తీసుకున్నాడా, మాలోనే ఎవరైనా తీశారా? అడగడానికి మొహమాటపడి, ఒకరి జేబులు ఒకరం చూసుకుంటూ విడిపోయాం.

ఆ పువ్వు పేరూ రంగూ డ్రైవరు చాలాసార్లే చెప్పాడు. ఆ సాయంత్రం మొత్తంలో నాకు స్పష్టంగా గుర్తున్నవి అవే. కావాలనే రాయలేదు.