పిచ్చుక వేసిన తెలుపు

హలో… ఆ, నేనే, ఇంకెవరు. నీ అక్కనే. పొద్దుట్నించీ చేస్తుంటే ఇప్పటికి ఎత్తావు.

…

నిచ్చెన మీదుంటే దిగు. పడి కాలు విరగ్గొట్టుకున్నా అదీ నా నెత్తి మీదకే వస్తుంది. దిగి మాట్లాడు.

…

దిగావా? సరే. నిన్న సాయంత్రం మా బడి గేటుకి రంగు వేశావు కదా. వేసినవాడివి బుద్ధిగా ఇంటికి పోక, లోపల వరండాలో నా పిల్లల గోడతో నీకేం పని?

…

గేటు బాగుంది. గేటు సంగతి కాదు నేనడిగేది.

…

ఖాళీగా ఉందా? ఓహో. అన్ని గడులూ నిండి ఒక్కటి మాత్రం ఎవరో మర్చిపోయారనుకున్నావు. డబ్బాలో అడుగున మిగిలిన ఎరుపు పారబోయడం ఎందుకని దాంట్లో కొట్టేశావు. ఎంత పొదుపు నాయనా నీది.

—ఖాళీ కాదు. దాంట్లో రంగుంది. తెలుపు.

…

నవ్వకు. ఇంకోసారి నవ్వావంటే అక్కడికే వచ్చి చెవి మెలేస్తాను. తెలుపు రంగు కాదా? డబ్బాలకి డబ్బాలు మోసుకెళ్ళి ఊళ్ళో ఇళ్ళన్నిటికీ కొడతావే, అదేంటి మరి, మజ్జిగా?

…

అలంకారానికి వేసిన గోడ కాదురా అది. చెప్తే విను. నా క్లాసులో తలో దేశం నుంచీ ఇక్కడికి పనికొచ్చినవాళ్ళ పిల్లలున్నారు. రంగుల పాఠం మొదలుపెట్టి, ముందు ఇంటికెళ్ళి అడిగి రమ్మన్నాను. మనింట్లో ఎవరైనా పోతే ఏ రంగు, పెళ్ళైతే ఏ రంగు, బిడ్డ పుడితే ఏ రంగు అని. అందులో తనకి నచ్చినది తలొకరూ ఒక గడిలో వేయాలి. ఒకడు నలుపు తెచ్చాడు. వాళ్ళ అమ్మమ్మ పోతే ఇంటిల్లిపాదీ నలుపేనట. పక్కవాడు ఊరుకుంటాడా? నలుపు చలికోటు రంగు, ఏడుపు రంగు ఊదా అని వాడి వాదన. ఇంకో పిల్ల, పోయినవాళ్ళ కోసం మేం ఎరుపు కడతాం అంది. ఎరుపు పెళ్ళికూతురిది కదా అని నలుగురూ దాని మీద పడ్డారు. జుట్లు పట్టుకున్నారనుకో. చివరికి వాళ్ళే తేల్చుకున్నారు, ఎవరి రంగూ తప్పు కాదు, ఇళ్ళు వేరు అంతే అని. నేను నోరు విప్పలేదు. అదీ నా పాఠం.

…

వస్తున్నా, నువ్వు చెడగొట్టిన గడి దగ్గరికే వస్తున్నా. ఆ తొందరేదో నిన్న ఉండాల్సింది, చెయ్యి పెట్టకుండా పోవడానికి.

ఆ గడి పిచ్చుకది. పిచ్చుక అని మేం పిలుస్తాం గానీ కిచకిచలేం ఉండవు, పిలిస్తే కళ్ళెత్తి చూస్తుంది, అంతే. వానల్లో వాళ్ళమ్మ పోయింది. అప్పట్నించీ వాళ్ళ నాన్న ఇంట్లో ఆమె ఊసెత్తలేదు. ఫోటో కూడా తీసి లోపల పెట్టేశాడట. పిల్లా అడగడం మానేసింది. ఈ పాఠం వంకతో మొదటిసారి అడిగింది. ఆయన, తెలుపమ్మా, అన్నాడట. అని, అలమార తీసి, ఆ రోజు వేసుకున్న తెల్లచొక్కా చూపించాడట. ఇక ఇద్దరూ మంచం మీద కూర్చుని అమ్మ అలా నవ్వేది, అమ్మ ఇలా తిట్టేది అని చెప్పుకున్నారట. చెప్తుంటే ఆ పిల్ల మొహం నువ్వు చూడాలి.

…

తెల్లగోడ మీద తెలుపు కనబడదు కదే, చుట్టూ ఒక గీతైనా గియ్యనా అంటే, వద్దు టీచర్, నాకు కనబడుతుంది అంది. పూత ఆరబెట్టి, దాని మీద ఇంకో పూత. గోడంతా పాతబడి పసుపుదేలి ఉంది, ఆ గడి ఒక్కటే పాల మీగడలా ఉంది. చేత్తో తడిమితే నీకైనా తెలిసేది. తడమలేదు, బ్రష్షు పెట్టేశావు.

…

ఇవాళ పిల్లల తల్లిదండ్రులు చూడ్డానికి వస్తున్నారు. ఆయన ఎప్పుడూ బడి గడప తొక్కలేదు, ఇవాళ వస్తానన్నాడట. ఆ పిల్ల అందరికంటే ముందొచ్చింది, గడి చూసుకుందామని.

…

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పోయి ఆ గడికి వీపు ఆనించి నిలబడింది. నీ ఎరుపు ఇంకా ఆరలేదు, ఆయిల్ రంగాయె. చొక్కా వెనకంతా అంటుకుపోయింది. ఎవరు పిలిచినా కదలదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలితే, నా చెవిలో చెప్పింది: "నేనే మార్చాననుకుంటాడు టీచర్. అమ్మ పోతే నాకు సంతోషంగా ఉందనుకుంటాడు."

…

అవును. వాళ్ళింట్లో ఎరుపు పెళ్ళి రంగు. ఇప్పటికెక్కిందా బుర్రకి?

…

తెలీదా? ఇదిగో, చూడు, పొరపాటు చేశావు, పడతాను. అబద్ధమాడితే మాత్రం పడను. వరండా ఊడ్చే ఆయమ్మని ఇప్పుడే అడిగొచ్చాను. ఇది తెలుపేంటి అని నువ్వే అడిగావట. అమ్మ లేని పిల్లది, అమ్మ కోసం వేసుకుంది, దాన్ని ముట్టుకోకు అని ఆమె చెప్పిందట. చెప్పి అటు తిరిగేసరికి నువ్వు డబ్బా మూత తీశావట.

…

…

గొణక్కు.

…

ఏంటి, గట్టిగా చెప్పు.

…

జాలేసిందా. అంత పసిదానికి తెలుపేంటి, నలుగురు పిల్లల్లాగా కళకళలాడే రంగు ఉండాలనిపించిందా. నీకు అనిపిస్తే సరిపోయిందా?

…

మీ బావ ఊసు ఇప్పుడెందుకు?

…

అవునురా. ఆయన పోయినప్పుడు ఈ తెలుపు నా నెత్తిన రుద్దబోయారు. నువ్వొక్కడివే అడ్డం పడ్డావు. పెదనాన్న అంతటివాణ్ణి వాకిట్లో నిలబెట్టి కడిగేశావు. నీలం బట్టలు తెచ్చి నా ఒళ్ళో పడేశావు. నేను పోయేదాకా మర్చిపోయే మాట కాదది. తెలుపు చూస్తే నీ ఒళ్ళు మండుతుందనీ తెలుసు. కానీ ఆ రోజు పెదనాన్న మీదకి పోయేముందు ఏం చేశావు? నా దగ్గర కూర్చుని, "అక్కా, నీకేం కావాలి?" అన్నావు. నిన్న ఈ పిల్లని అడిగావా? నాకు తెలుపు వాళ్ళు రుద్దబోయారు. అది తన తెలుపు తను ఎంచుకుంది. దాని మీద ఎరుపు నువ్వు రుద్దావు. మరి నీకూ పెదనాన్నకీ తేడా ఏముందిరా?

…

…

ముక్కు చీదుకుని మాట్లాడు. నాకేం అర్థం కావట్లేదు.

…

ఆయిల్ రంగు మీద తెలుపు నిలవదు, గీకాలి, అడుగుపూత వేయాలి. తెలుసు. ఆ విద్యంతా తర్వాత చూపిద్దువు గాని. ఆ గడి మళ్ళీ అది వేసుకుంటుందో, నిన్ను ముట్టుకోనిస్తుందో అది దాని ఇష్టం. ముందు వాళ్ళ నాన్నకి నువ్వే చెప్పాలి. నీ నోటితో.

…

నేనెందుకు చెప్తాను? నేను చెప్తే టీచరమ్మ పిల్లని వెనకేసుకొచ్చినట్టుంటుంది. సగం నమ్ముతాడు. ఆ మిగిలిన సగం ఆ పిల్ల జన్మంతా మోయాలి.

…

బయల్దేరు. బ్రష్షులు ఎవరూ ఎత్తుకుపోరు, అక్కడే పెట్టు. ఆ మేస్త్రీకి నేను ఫోన్ చేసి చెప్తాను. ఇంకో మాట. ఇక్కడికొచ్చి నీ జాలి కథ విప్పకు. మంచికే చేశానండీ అన్నావో, ఆయన నిన్ను ఓదార్చాల్సొస్తుంది. చేసింది చెప్పు. ఆయమ్మ వద్దన్నా వేశానని చెప్పు. పాపకి తెలీదని చెప్పు. అంతవరకే.

…

ఆ, బస్సుకే రా, ఎలాగో ఒకలా…

ఆగు.

ఆగరా, వచ్చేశాడు. గేటు దాటి వస్తున్నాడు. మధ్యాహ్నం దాకా రాడనుకున్నాను… ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, పాపం.

…

పెట్టెయ్యకు. పెట్టేశావంటే ఈ జన్మలో నీకు అక్క లేదనుకో.

…

వరండా ఎక్కాడు. చివర్నించి ఒక్కో గడీ చూసుకుంటూ వస్తున్నాడు. దాని తెలుపు వెతుక్కుంటున్నాడు… పిల్లని చూశాడు. చెయ్యి చాపాడు. రావట్లేదు. తల అడ్డంగా ఊపుతోంది, ఇంకా గట్టిగా అదుముకుంటోంది గోడకి…

భుజం పక్కన ఎరుపు చూశాడు. నిలబడిపోయాడు.

…

ఏమని మొదలుపెట్టాలా? ఆ ఎరుపు వేసింది నేనే అని మొదలుపెట్టు. నడుస్తున్నా ఆయన దగ్గరికి.

అయ్యా, ఒక్క క్షణం. పాపని కదపకండి. ముందు ఈ ఫోను అందుకోండి… మా తమ్ముడు. నిన్న మా గేటుకి రంగు వేసినవాడు. మీకు ఒకటి చెప్పాలి వాడు… లేదండీ, నేను చెప్పకూడదు, వాడే చెప్పాలి. పూర్తిగా వినండి. విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టండి. వాడు పెట్టెయ్యడు.