నల్ల తుపాకీమందు తూటాలు

గ్రీసులోని క్రీటు దీవి కొండల్లో ఆ ఉదయం పెళ్లి. తాతలనాటి గ్రా రకం తుపాకీ తూటాల్లో మందు నింపే ముసలమ్మ దగ్గరికి పెళ్లికూతురి అన్న వచ్చాడు.

“మూడు తూటాలూ నేనే నింపేశాను అత్తా. కొత్త రకం తుపాకీమందు, పొగే రాదు!”

“ఎంత పోశావురా స్ట్రాటీ?”

“నీలాగే, అంచుదాకా.”

“అంచుదాకా పోసేది పాత నల్ల తుపాకీమందు. ఈ కొత్తదానికి బలమెక్కువ, అంత పోస్తే తుపాకీ పగిలి నీ కళ్లు పోతాయి.”

“సైన్యంలో చేశాను, నాకు తెలీదా?”

“అక్కడ కాల్చడం నేర్పారు. నింపడం నేర్పారా?”

అతను తూటాలు ఆమె ముందు పెట్టాడు. ఆమె వాటిని విప్పి, కొత్త మందు పారబోసి, పాత మందు పోసింది.

“పొగ కనిపిస్తేనే లోయ అవతల పెళ్లికొడుకువాళ్లు బయల్దేరేది. కాల్చు.”

“నువ్వు దూరంగా జరుగు అత్తా.”

“నేను నింపాక జరగడమెందుకు?” అంటూ అతని భుజం పక్కనే నిలబడింది.